12,370 కిలోమీటర్లకు పదహారు గంటలు ఎందుకు? (ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో)

ప్రయాణికుడు_77
మా అమ్మగారు మొదటిసారి ఒంటరిగా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నాన్‌స్టాప్ విమానంలో వెళ్లి, అక్కడ సియాటిల్ విమానం ఎక్కవలసి ఉంది. మధ్యలో ఎంత వ్యవధి ఉంచాలో తేల్చుకోవడానికి ముందుగా దూరం, ప్రయాణ సమయం చూద్దామని కూర్చున్నాను. రెండు విమానాశ్రయాల మధ్య దూరం లెక్కగట్టే వెబ్‌సైట్ 12,370 కిలోమీటర్లు అంటోంది. గంటకు 900 కిలోమీటర్ల వేగం అనుకుంటే పద్నాలుగు గంటలు కూడా పట్టదు. టికెట్ మీద మాత్రం దాదాపు పదహారు గంటలు ఉంది. తిరుగు ప్రయాణానికి మరో లెక్క ఉంది. దూరం ఒకటే అయినప్పుడు సమయం ఇన్ని రకాలుగా ఎందుకు ఉంటుంది? వెబ్‌సైట్ లెక్క తప్పా, లేక విమాన సంస్థలు కావాలనే సమయం పెంచి రాస్తున్నాయా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

లెక్కల_మాస్టారు
వెబ్‌సైట్ లెక్క తప్పు కాదు. అయితే అది విమానం ఎగిరే దూరం కాదు, భూమి ఉపరితలం మీద ఆ రెండు చోట్లను కలిపే అతి చిన్న గీత పొడవు. భూగోళం కేంద్రం గుండా వెళ్లే తలంతో భూమిని కోస్తే ఏర్పడే వలయాన్ని మహావృత్తం అంటారు. ఏ రెండు ఊళ్ల మధ్యనైనా అతి తక్కువ దూరం ఆ వలయం మీదనే ఉంటుంది. అక్షాంశాలు, రేఖాంశాలు, భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు ఇచ్చి త్రికోణమితి సూత్రంలో వేస్తే ఢిల్లీకి, శాన్‌ఫ్రాన్సిస్కోకు మధ్య భూకేంద్రం దగ్గర ఏర్పడే కోణం 111 డిగ్రీలకు కొంచెం పైన వస్తుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి 12,380 దాకా వస్తుంది. భూమి ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుందన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకునే వెబ్‌సైట్లలో ఈ అంకె కాస్త మారుతుంది. ఒక్కో చోట ఒక్కో అంకె కనిపించడానికి కారణం ఇదే. ఈ తేడా అర శాతానికి మించదు కనుక దాని గురించి ఆలోచించనవసరం లేదు.

విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కాబట్టి దూరం పెరగదా అని కొందరు అడుగుతారు. పెరుగుతుంది, కానీ ఇంత ప్రయాణం మొత్తానికీ కలిపి ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే. మీరు చూస్తున్న రెండు గంటల తేడాకు మూలం ఇంకెక్కడో ఉంది.

కిటికీ_పక్క_సీటు
గోడ పటంలో చూస్తే ఢిల్లీ నుంచి తూర్పుగా చైనా, జపాన్, పసిఫిక్ మీదుగా గీత గీస్తే శాన్‌ఫ్రాన్సిస్కో వస్తుంది. మాస్టారు చెప్పిన అతి చిన్న గీత అదేనా?

లెక్కల_మాస్టారు
కాదు. గోడ పటం మీద తిన్నగా కనిపించే ఆ గీత పొడవు దాదాపు 15,000 కిలోమీటర్లు. గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మీద దారాన్ని బిగించి పట్టుకోండి. దారం ఢిల్లీ నుంచి తూర్పుకు కాకుండా దాదాపు తిన్నగా ఉత్తరానికి, కేవలం పదహారు డిగ్రీలు మాత్రమే తూర్పుకు ఒరిగి బయలుదేరుతుంది. హిమాలయాలు, టిబెట్, సైబీరియా దాటి, 75 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైకి ఆర్కిటిక్ సముద్రంలోకి వెళ్లి, అక్కడి నుంచి అలాస్కా, కెనడా పడమటి తీరం వెంట కిందికి దిగుతుంది. మెర్కేటర్ 1569లో వేసిన పటం పద్ధతిలో ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ప్రదేశాలు సాగదీసినట్లు కనిపిస్తాయి కనుక మన కంటికి ఈ దారి చుట్టుదారిలా అనిపిస్తుంది.

కొండగాలి
మాస్టారి గీతను గీసినంత సులభంగా ఎగరలేరు. ఢిల్లీ నుంచి తిన్నగా ఉత్తరానికి వెళితే కింద టిబెట్ పీఠభూమి ఉంటుంది. దాని సగటు ఎత్తే 4,500 మీటర్లు. విమానం లోపలి గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే పైలట్ వెంటనే పది వేల అడుగుల ఎత్తుకు, అంటే సుమారు 3,000 మీటర్లకు దిగాలి. ప్రయాణికుల ముసుగుల్లోని ఆక్సిజన్ కొన్ని నిమిషాలకు మాత్రమే సరిపోతుంది. కిందనున్న నేలే అంతకంటే ఎత్తుగా ఉన్నప్పుడు ఎక్కడికి దిగుతారు? అందుకే అత్యవసరంగా తప్పుకునే దారి ముందుగా నిర్ణయించుకోకుండా ఆ ప్రాంతం మీదుగా వెళ్లరు, ఎక్కువ విమానాలు ఆ ప్రాంతాన్ని పక్కన పెట్టి చుట్టి వెళతాయి. 12,370లో మొదటి చిల్లు అక్కడే పడుతుంది.

డిస్పాచ్_బల్ల
విమానాల ప్రయాణ ప్రణాళికలు తయారు చేసే పనిలో ఉన్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను. మేము ప్రతిరోజూ వెతికేది అతి తక్కువ దూరం ఉన్న దారిని కాదు, ఆ రోజు గాలిలో తక్కువ సమయంతో, తక్కువ ఇంధనంతో, అనుమతులన్నీ దొరికే దారిని. విమానం వేగం చుట్టూ ఉన్న గాలికి సంబంధించినది. బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి విమానాలు ధ్వని వేగంలో 0.84 లేదా 0.85 వంతు వేగంతో ఎగురుతాయి. పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఉండే చలికి అది గంటకు 890 నుంచి 900 కిలోమీటర్లు. కానీ ఆ గాలే గంటకు 150 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే, దానితో పాటు వెళ్లే విమానం నేలకు సంబంధించి 1,050తో, ఎదురు వెళ్లేది 750తో సాగుతుంది. మధ్య అక్షాంశాల మీద పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం చలికాలంలో ఇంకా బలపడుతుంది, కొన్నిచోట్ల గంటకు 300 కూడా దాటుతుంది.

మీరు అడిగిన మార్గంలోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని మొదట అట్లాంటిక్ మీదుగా నడిపేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ మీదుగా తిప్పారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. భాగహారం చేసి చూడండి, నేల మీద సగటు వేగం గంటకు 1,055 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణంలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి అట్లాంటిక్ మీదుగా వచ్చేవారు కనుక వెళ్లేటప్పుడూ తూర్పుకే, వచ్చేటప్పుడూ తూర్పుకే ప్రయాణం, అంటే ఆ విమానం భూమి చుట్టూ పూర్తి ప్రదక్షిణ చేసినట్లయింది.

ప్రయాణికుడు_77
దూరం పద్నాలుగు వందల కిలోమీటర్లు పెరిగి సమయం తగ్గిందంటే ఇన్నాళ్లూ నేను చూస్తున్న కిలోమీటర్ల అంకెకు విలువే లేదన్నమాట. మరి ఇప్పుడు మా అమ్మగారి విమానం ఏ దారిలో వెళుతుందో ముందుగా తెలుసుకోవచ్చా?

డిస్పాచ్_బల్ల
విలువ లేదనలేము. అది దిగువ హద్దు, అంతకంటే తక్కువ దూరంలో ఎవరూ వెళ్లలేరు. దారి మాత్రం బయలుదేరడానికి కొన్ని గంటల ముందు, అప్పటి వాతావరణ అంచనాలు చూసి ఖరారవుతుంది. ఇవాళ్టి దారి రేపు ఉండకపోవచ్చు.

కిటికీ_పక్క_సీటు
ముందు సీటు వెనుక ఉండే తెరలో ఈ అంకెలన్నీ కనిపిస్తాయి. జపాన్ దాటి పసిఫిక్ మీద ఉన్నప్పుడు చూశాను. నేలపై వేగం 1,100 పైన, తోడుగాలి 200 చుట్టుపక్కల, బయట ఉష్ణోగ్రత మైనస్ 56. అరగంట తరువాత గాలి దిశ కొద్దిగా మారి బాణం గుర్తు పక్కకు తిరిగింది, వేగం వెయ్యి లోపుకు పడిపోయింది. ఇంజిన్ల శబ్దంలో ఏ మార్పూ లేదు, గ్లాసులో నీళ్లు కూడా కదలలేదు. మిగిలిన సమయం మాత్రం తెర మీద ఏడు నిమిషాలు పెరిగింది. డిస్పాచ్ గారు రాసినది చదివాక అప్పుడు చూసినదాని అర్థం పూర్తిగా తెలిసింది.

సందేహాల_శాస్త్రి
గాలి గురించి అందరూ చెబుతున్నారు కానీ అసలు కారణం భూభ్రమణం కాదా? భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది. పడమటికి వెళ్లే విమానానికి గమ్యం ఎదురు వస్తుంది, తూర్పుకు వెళ్లేదానికి గమ్యం దూరం జరుగుతుంది. కాబట్టి సమయాల్లో తేడా రావాలి కదా?

లెక్కల_మాస్టారు
మీ వాదన ప్రకారం పడమటి ప్రయాణం త్వరగా ముగియాలి, కానీ వాస్తవంలో తూర్పు ప్రయాణమే త్వరగా ముగుస్తోంది. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. ఢిల్లీ అక్షాంశం దగ్గర అది 1,470 చుట్టుపక్కల ఉంటుంది. రన్‌వే మీద నిలబడి ఉన్న విమానానికీ, దాని చుట్టూ ఉన్న గాలికీ అదే వేగం ఉంటుంది. పైకి లేచినంత మాత్రాన ఆ వేగం ఎక్కడికీ పోదు. లేకపోతే హెలికాప్టర్ గాలిలో గంటసేపు నిలబడితే చాలు, కింద నుంచి పద్నాలుగు వందల కిలోమీటర్ల నేల జరిగిపోవాలి.

సందేహాల_శాస్త్రి
హెలికాప్టర్ ఉదాహరణ ఒప్పుకుంటాను. అయినా భూభ్రమణాన్ని పూర్తిగా పక్కన పెట్టలేరు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి ధ్రువాల వైపు కదిలినప్పుడు భూమి తిరుగుతున్నందువల్లనే తూర్పుకు మళ్లుతుంది. ఆ మళ్లింపు లేకపోతే పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమే ఉండదు. కాబట్టి మూల కారణం భ్రమణమే, దాని చేతిలో పనిముట్టు గాలి.

లెక్కల_మాస్టారు
ఆ రూపంలో చెబితే నాకు అభ్యంతరం లేదు. గాలి ద్వారా వచ్చే ప్రభావం నిజం, గమ్యం ఎదురు రావడం నిజం కాదు.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. వెళ్లేటప్పుడు తోడుగాలి వల్ల కలిసొచ్చిన సమయం, వచ్చేటప్పుడు ఎదురుగాలి వల్ల పోయిన సమయం సమానంగా కొట్టుకుపోతాయని అనుకుంటారు, కానీ అలా జరగదు. 5,500 కిలోమీటర్ల దూరం, గంటకు 900 వేగం, 100 గాలి అనుకుందాం. తోడుగాలితో అయిదున్నర గంటలు, ఎదురుగాలితో ఆరు గంటల యాభై రెండు నిమిషాలు, మొత్తం 12 గంటల 22 నిమిషాలు. గాలి లేకుండా రెండు వైపులా కలిపి 12 గంటల 13 నిమిషాలు చాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టం ఎప్పుడూ లాభం కంటే ఎక్కువ. అందుకే ఒకే దారిలో వెళ్లి రావడం కంటే, డిస్పాచ్ గారు చెప్పినట్లు రెండు వైపులా తోడుగాలి దొరికే దారులు వెతకడం తెలివైన పని.

మేఘమాల
న్యూయార్క్ – లండన్ మధ్య దూరం మాస్టారు తీసుకున్న 5,500కు దగ్గరగానే ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో యూరప్‌ను కియారా తుఫాను తాకినప్పుడు ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఆ దూరాన్ని 4 గంటల 56 నిమిషాల్లో దాటింది. మామూలు రోజుల్లో ఆరున్నర, ఏడు గంటలు పట్టే ప్రయాణం అది. నేల మీద వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటినా అది ధ్వని వేగాన్ని మించలేదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలే దాన్ని మోసుకుపోయింది.

గగనతలం
గాలి తరువాత పెద్ద కారణం రాజకీయం. ఈ మార్గానికి అది మరీ ముఖ్యం. 2022 ఫిబ్రవరి చివర ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం పాశ్చాత్య దేశాల విమానాలకు మూతపడింది. మాస్టారి మహావృత్తంలో పెద్ద భాగం రష్యా గగనతలంలోనే ఉంది. అంటే అమెరికా విమానాలకు ఆ దారి లేదు, భారతీయ విమానాలకు ఉంది. ఒకే రెండు విమానాశ్రయాల మధ్య రెండు దేశాల సంస్థలకు రెండు వేర్వేరు దూరాలు ఏర్పడ్డాయి. 2023 జూన్‌లో ఎయిర్ ఇండియా ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది, మరో విమానం వెళ్లి ప్రయాణికులను తీసుకెళ్లవలసి వచ్చింది. పటంలో మగదాన్ ఎక్కడుందో చూస్తే ఆ రోజు దారి ఎలా వేశారో మీకే తెలుస్తుంది.

పడమటి వైపు కూడా ఇదే సమస్య. 2019 ఫిబ్రవరి నుంచి జూలై వరకు పాకిస్తాన్ గగనతలం మూసి ఉన్నప్పుడు, మళ్లీ 2025 ఏప్రిల్ చివర భారతీయ విమానాలకు మూసినప్పుడు, ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్లే విమానాలు ముందు దక్షిణంగా అరేబియా సముద్రం మీదికి దిగి చుట్టి వెళ్లవలసి వచ్చింది.

పాత_పటాలు
ఇది కొత్త సమస్య కాదు. సోవియట్ కాలంలోనూ సైబీరియా మీదుగా దారి దొరికేది కాదు కనుక 1957లో స్కాండినేవియా దేశాల విమాన సంస్థ ఎస్ఏఎస్ కోపెన్‌హాగన్ నుంచి ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా, అలాస్కాలోని ఆంకరేజ్‌లో ఆగి టోక్యోకు విమానం నడిపింది. 1983లో ఫిన్లాండ్ సంస్థ ఫిన్‌ఎయిర్ డీసీ-10 విమానంతో హెల్సింకి నుంచి టోక్యోకు ధ్రువం మీదుగా ఆగకుండా పదమూడు గంటల్లో వెళ్లింది. తరువాత సైబీరియా తెరుచుకుని అదే ప్రయాణం తొమ్మిదిన్నర గంటలకు తగ్గింది. 2022లో మూసుకోగానే మళ్లీ పదమూడు గంటలకు చేరింది. హెల్సింకి, టోక్యోల మధ్య భూమి ఏమీ సాగలేదు, దూరం ఇప్పటికీ దాదాపు 7,800 కిలోమీటర్లే. నలభై ఏళ్ల నాటి ధ్రువ మార్గాన్ని ఈ తరం పైలట్లు మళ్లీ నేర్చుకోవడం నాకు ఎంతో ఆశ్చర్యం, కొంత బాధ కలిగించింది.

నిర్మొహమాటం
ఇవన్నీ నిజమే కావచ్చు, కానీ అసలు ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు ఇవ్వలేదు. సంస్థలు కావాలనే సమయం పెంచి రాస్తున్నాయన్నది నా అభిప్రాయం. ఒక సుదూర ప్రయాణంలో మా విమానం గంట ఆలస్యంగా బయలుదేరింది, అయినా సరిగ్గా సమయానికి దిగింది. పైగా సమయానికి చేరామని గర్వంగా ప్రకటించారు. ఆ గంట ముందే దాచి ఉంచారు కాబట్టే కదా అలా చేరగలిగారు?

డిస్పాచ్_బల్ల
కొంత నిజం ఉంది, దాచడానికేమీ లేదు. టికెట్ మీద ఉండేది గాలిలో ఎగిరే సమయం కాదు. ఒక గేటు దగ్గర విమానం కదిలిన క్షణం నుంచి మరో గేటు దగ్గర ఆగే క్షణం వరకు పట్టే సమయం, దాన్ని మేము బ్లాక్ టైమ్ అంటాం. వెనక్కు నెట్టడం, రన్‌వే దాకా నేల మీద నడవడం, వరుసలో ఆగడం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం అన్నీ అందులోనే. పెద్ద విమానాశ్రయాల్లో రెండు వైపులా కలిపి ఇది ముప్పావు గంట దాకా పోతుంది. దిగే ముందు రద్దీ ఉంటే గాలిలో చక్కర్లు కొట్టవలసి వస్తుంది. ఇక గాలి రోజుకో రకంగా ఉంటుంది కానీ టైమ్‌టేబుల్ మాత్రం మార్చి చివరి ఆదివారం నుంచి ఒకటి, అక్టోబరు చివరి ఆదివారం నుంచి మరొకటి, సంవత్సరానికి రెండే. గాలి బాగున్న రోజుకు సరిపడా రాస్తే మిగతా రోజుల్లో ఆలస్యమే అవుతుంది కాబట్టి గత సంవత్సరాల అనుభవం చూసి ఎక్కువ రోజులకు సరిపోయే సమయం రాస్తారు.

పోటీ కోసం మరికాస్త పెంచేవారు లేరని నేను అనను. అమెరికాలో నిర్ణీత సమయం నుంచి పదిహేను నిమిషాల లోపు చేరితే ఆ విమానాన్ని సమయానికి వచ్చినట్లే లెక్కిస్తారు. అలాంటి లెక్కలు ప్రచురితమవుతున్నప్పుడు సమయం కొద్దిగా ఉదారంగా రాయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. అయితే మీ ప్రయాణంలో పూడిన గంట మొత్తం దాచిపెట్టినదే అని చెప్పలేము, ఆ రోజు గాలి కూడా కలిసివచ్చి ఉండవచ్చు.

నిర్మొహమాటం
గాలి కలిసివస్తే ఆ మాట కూడా చెప్పవచ్చు కదా. టికెట్ మీద ఎగిరే సమయం ఇంత, నేల మీద పోయేది ఇంత అని విడిగా రాయడానికి అడ్డేమిటి? ప్రయాణికుడికి ఈ మాత్రం తెలుసుకునే హక్కు ఉంది.

రాత్రి_డ్యూటీ
ముందుగా చేరడం కూడా ఎప్పుడూ మంచిది కాదు. సిడ్నీ విమానాశ్రయంలో రాత్రి పదకొండు నుంచి ఉదయం ఆరు వరకు విమానాల రాకపోకలపై నిషేధం ఉంది. తోడుగాలి ఎంత బాగున్నా సాధారణంగా ఆరుకు ముందు దిగనివ్వరు కనుక బయలుదేరే సమయాన్నో, దారిలో వేగాన్నో సర్దుకోవాలి.

మేఘమాల
ప్రయాణికుడు గారు టికెట్ మీది బయలుదేరే సమయం, చేరే సమయం నుంచి గంటలు లెక్కగట్టి ఉంటే అక్కడ మరో చిక్కు ఉంది. రెండూ స్థానిక సమయాలే. తెల్లవారుజామున నాలుగుకు ఢిల్లీలో బయలుదేరి అదే తేదీ ఉదయం ఆరుకు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతుందని రాసి ఉందనుకోండి. రెండు గంటల్లో చేరినట్లు కనిపిస్తుంది. ఢిల్లీ సమయం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు కాబట్టి బయలుదేరింది గ్రీనిచ్ ప్రకారం ముందురోజు రాత్రి పదిన్నరకు. శాన్‌ఫ్రాన్సిస్కో చలికాలంలో ఎనిమిది గంటలు వెనుక, అంటే దిగింది మధ్యాహ్నం రెండుకు. మొత్తం పదిహేనున్నర గంటలు. అదే అంకెలు వేసవి టికెట్ మీద ఉంటే అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిపి ఉంటారు కాబట్టి ప్రయాణం పద్నాలుగున్నర గంటలే అవుతుంది. ఈ గంటను మరిచిపోవడం వల్ల కనెక్షన్ లెక్క తప్పేవారు చాలామంది ఉన్నారు.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఇంత దూరం ఒకే బిగిన కూర్చోవడం కంటే మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి వెళ్లడం మేలు కాదా? మొత్తం సమయం నాలుగైదు గంటలు పెరిగినా కాళ్లు చాపుకోవచ్చు. పెద్దవారికి పదహారు గంటలు కదలకుండా ఉండడం వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందని వైద్యులు చెబుతారు.

డిస్పాచ్_బల్ల
ఇంధనం కోణంలో కూడా మీ మాటలో న్యాయం ఉంది. సుదూర విమానం మొదటి గంటల్లో కాల్చే ఇంధనంలో కొంత భాగం, చివరి గంటలకు కావలసిన ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. అందుకే అతి దూరపు ప్రయాణాలకు ప్రత్యేకమైన విమానాలు కావాలి. సింగపూర్ – న్యూయార్క్ దాదాపు 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటల పైన. దాని కోసం ఏ350లో 1,65,000 లీటర్ల ఇంధనం పట్టే రకం తయారు చేసి, సీట్లను 161కి కుదించారు. మహావృత్తం ఉత్తర ధ్రువానికి అతి దగ్గరగా వెళ్లినా, సింగపూర్ నుంచి వెళ్లేటప్పుడు తరచుగా పసిఫిక్ మీది తోడుగాలినే నమ్ముకుంటారు.

కొండగాలి
ఒంటరిగా వెళ్లే పెద్దవారికి మాత్రం నాన్‌స్టాపే మంచిదని నేను గట్టిగా చెబుతాను. తెలియని విమానాశ్రయంలో గేటు వెతుక్కోవడం, భాష రాని చోట ప్రకటనలు అర్థం చేసుకోవడం, మొదటి విమానం ఆలస్యమైతే ఎవరిని అడగాలో తెలియకపోవడం, వీటన్నింటి ముందు పదహారు గంటలు కూర్చోవడం చిన్న ఇబ్బంది. రెండు గంటలకొకసారి లేచి నడిస్తే, నీళ్లు బాగా తాగితే, నడవ పక్క సీటు ముందే అడిగి తీసుకుంటే కాళ్ల సమస్య చాలావరకు తగ్గుతుంది. ఇదివరకే ఇబ్బంది ఉన్నవారు వైద్యుణ్ణి ఒకసారి అడగాలి.

పాత_పటాలు
దారులను వంచే మరో నియమం కూడా ఉంది. రెండు ఇంజిన్ల విమానం ఒక ఇంజిన్ ఆగినా నిర్ణీత సమయంలోపు ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగేలా దారి వేయాలి. 1953లో ఆ హద్దు అరవై నిమిషాలు, 1985లో నూట ఇరవై నిమిషాలకు పెరిగింది. ఇప్పుడు 787కు 330, ఏ350కి 370 నిమిషాల వరకు అనుమతి ఉంది. సిడ్నీ – శాంటియాగో (చిలీ) మహావృత్తం 60 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటి నిర్మానుష్యమైన సముద్రం మీదుగా వెళుతుంది. ఇంజిన్ల మీద నమ్మకం అంత పెరగనిదే రెండు ఇంజిన్ల విమానాలకు ఆ దారి దొరికేది కాదు.

లెక్కల_మాస్టారు
అనుకూలించినప్పుడు మహావృత్తమూ, గడియారమూ ఎంత దగ్గరికి రాగలవో చెప్పే ఉదాహరణ ఒకటి. 2020 మార్చిలో అమెరికా పెట్టిన కోవిడ్ ఆంక్షల వల్ల లాస్ ఏంజెలెస్‌లో ఆగే వీలు లేక, ఎయిర్ తాహితి నూయి విమానం పసిఫిక్‌లోని తాహితి దీవిలో ఉన్న పాపీట్ నుంచి పారిస్‌కు 15,715 కిలోమీటర్లు ఆగకుండా పదహారు గంటల లోపే వెళ్లింది. సగటున గంటకు వెయ్యి కిలోమీటర్లకు దగ్గర. ఆ సమయానికి ప్రయాణికులు తక్కువ, బరువు తక్కువ, గాలి అనుకూలం.

ప్రయాణికుడు_77
అందరికీ కృతజ్ఞతలు. వెబ్‌సైట్ అంకె ఎందుకు టికెట్‌తో కలవదో తెలిసింది. ఇక అసలు అవసరం మిగిలింది. ప్రయాణం జనవరిలో. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాక సియాటిల్ విమానానికి రెండు గంటలు ఉండేది ఒకటి, నాలుగున్నర గంటలు ఉండేది ఒకటి దొరుకుతున్నాయి. రెండూ ఒకే టికెట్ మీద. అమ్మగారికి వీల్‌చెయిర్ సాయం అడిగాను.

కొండగాలి
నాలుగున్నర గంటలది తీసుకోండి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ పూర్తి చేయాలి, సామాను తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి, ఆ తరువాత మరోసారి భద్రతా తనిఖీ ఉంటుంది. వీల్‌చెయిర్ తోసేవారు వచ్చేవరకు విమానం తలుపు దగ్గర ఆగవలసి రావచ్చు. రెండు గంటలు వీటికే చాలవు.

డిస్పాచ్_బల్ల
నా సలహా కూడా అదే. జనవరిలో గాలి బలంగా ఉంటుంది కానీ దాని లాభం దారిని బట్టి ఉంటుంది. పైగా ఆ నెలలో తెల్లవారుజామున ఢిల్లీలో పొగమంచు వల్ల బయలుదేరడమే రెండు మూడు గంటలు ఆలస్యం కావచ్చు, దాన్ని ఏ తోడుగాలీ పూర్తిగా పూడ్చలేదు. విమానాలను అనుసరించే వెబ్‌సైట్లలో ఆ విమాన సంఖ్య కొట్టి, గత రెండు వారాల్లో అది నిజంగా ఏ సమయానికి గేటు చేరిందో చూడండి. బయలుదేరే ముందు ఆ పని మరోసారి చేయండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా, ఒకే టికెట్ కాబట్టి తరువాతి విమానంలో సీటు చూపే బాధ్యత సంస్థదే. ఆ కాగితం అమ్మగారి చేతి సంచిలో పైనే ఉండేలా చూడండి.

ప్రయాణికుడు_77
నాలుగున్నర గంటలదే తీసుకున్నాను, నడవ పక్క సీటు కూడా దొరికింది. డిసెంబరు చివరి నుంచి రోజూ ఆ విమానం ఏ దారిలో వెళ్లిందో, ఎప్పుడు గేటు చేరిందో రాసి పెట్టి ఇక్కడే చేరుస్తాను, ఇదే మార్గంలో పెద్దవారిని పంపేవారికి పనికివస్తుంది.

గగనతలం
దారితో పాటు ఏ దేశం మీదుగా వెళ్లలేదో కూడా రాయండి, అది మరింత పనికివస్తుంది.